కుదించిన చిత్రాలకు కొలతల హద్దులు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

చేర్యాల నకాషీ కళాకారులు చిత్రించిన కథాపటం నిలువుగా సాగే గ్రంథం వంటిది. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఇటువంటి పటాలను చూపుతూ కులపురాణాలను, పాండవుల కథలను గానం చేస్తూ వచ్చారు. మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులకు మించిన పొడవు గల పటాలు ఈ సంప్రదాయంలో ఉన్నాయి. ఇటువంటి పటాన్ని సంఖ్యాత్మక రూపంలో భద్రపరచదలచినప్పుడు ఒక ఊహించని ఆటంకం ఎదురవుతుంది. ఛాయాగ్రహణం సక్రమంగా జరిగి, ముక్కల కూర్పు పూర్తయి, రంగుల సవరణ ముగిసిన తర్వాత, చిట్టచివరగా చిత్రాన్ని కుదించి దాచే దశలో సాఫ్ట్‌వేర్ నిరాకరిస్తుంది. చిత్రం మరీ పెద్దదనే సందేశం తెరపై కనిపిస్తుంది. అప్పుడు పటాన్ని ముక్కలు చేయడమో, చిత్రాన్ని చిన్నది చేయడమో సాధారణంగా జరుగుతుంది. ఆ రెండు నిర్ణయాలలో ఏది తీసుకున్నా భావితరాల పరిశోధకునికి అందే ఆధారం మారిపోతుంది.

ఈ హద్దులు ప్రకృతి నియమాలు కావు. ప్రతి హద్దు వెనుక ఒక కాలం, ఒక అవసరం, ఒక పొదుపు ఉన్నాయి. ఆ హద్దులు ఎప్పుడు, ఎందుకు ఏర్పడ్డాయో, వేటిని సాంకేతిక అనివార్యతలుగా, వేటిని కేవలం అలవాట్లుగా గ్రహించాలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

హద్దు పుట్టే చోటు

చిత్రపు ఫైలు రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది శీర్షభాగం. చిత్రపు వెడల్పు, ఎత్తు, రంగుల సంఖ్య వంటి వివరాలు ఇందులో ఉంటాయి. రెండవది కుదించిన చిత్ర సమాచారం. వెడల్పును రాయడానికి శీర్షభాగంలో ఎన్ని బిట్ల చోటు కేటాయించారన్నది ఫార్మాట్‌ను రూపొందించిన రోజే నిర్ణయమైపోతుంది. దరఖాస్తు ఫారంలో ఒక సంఖ్యకు అయిదు గళ్ళు మాత్రమే ముద్రించి ఉంటే ఆరంకెల సంఖ్యను అందులో రాయలేనట్లే, 16 బిట్ల చోటులో 65,535ను మించిన సంఖ్య పట్టదు. రెండును పదహారుసార్లు గుణించగా వచ్చే 65,536లో సున్నాకు ఒక స్థానం పోగా మిగిలిన గరిష్ఠ విలువ అది. 32 బిట్లు కేటాయిస్తే ఆ గరిష్ఠ విలువ 429 కోట్లు దాటుతుంది. ఒక్కొక్క చిత్రంలో వెడల్పుకు రెండు, ఎత్తుకు రెండు, మొత్తం నాలుగు బైట్ల పొదుపు ఈ రెండు నిర్ణయాల మధ్య వ్యత్యాసం.

ఇది మొదటి రకం హద్దు. రెండవది ఫైలు మొత్తం పరిమాణానికి సంబంధించినది. మూడవది చిత్రాన్ని చదివి రాసే సాఫ్ట్‌వేర్ తనకు తాను విధించుకున్నది. నాలుగవది భద్రత కోసం ఉద్దేశపూర్వకంగా పెట్టినది. నిరాకరణ సందేశం చూసిన వ్యక్తికి ఈ నాలుగూ ఒకే విధంగా కనిపిస్తాయి. వాటి చరిత్రలు మాత్రం వేరు.

జేపెగ్: అవసరానికి మించిన ఔదార్యం

నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న జేపెగ్ పద్ధతికి గణిత పునాది 1974లో పడింది. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, తెలుగు ఇంటిపేరు గల కామిశెట్టి రామమోహనరావు కలిసి వివిక్త కొసైన్ పరివర్తనను ప్రతిపాదించిన పరిశోధనపత్రం ఆ సంవత్సరం వెలువడింది. చిత్రంలోని చిన్న చదరాన్ని స్థూల మార్పులుగా, సూక్ష్మ మార్పులుగా విడదీసి, కంటికి అంతగా ఆనని సూక్ష్మ భాగాలను తగ్గించి రాయడానికి ఈ పరివర్తన వీలు కల్పించింది.

1986లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ, టెలిఫోన్ల సలహా సంఘం నిపుణులు సంయుక్త బృందంగా ఏర్పడ్డారు. ఆ బృందం పేరులోని తొలి అక్షరాలే జేపెగ్ అయ్యాయి. 1987లో జరిగిన పరీక్షలో పన్నెండు ప్రతిపాదనల నుంచి మూడింటిని ఎంపిక చేశారు. 1988 జనవరిలో, 8×8 పిక్సెల్స్ చదరాలపై కొసైన్ పరివర్తనను ప్రయోగించే పద్ధతిని స్వీకరించారు. 1992లో ఆ ప్రమాణం ఆమోదం పొందింది.

ఆ బృందం ముందున్న తక్షణ సమస్య, సెకనుకు 64 వేల బిట్లు మోయగల టెలిఫోన్ తీగపై ఛాయాచిత్రాన్ని పంపడం. పరీక్షలకు వాడిన చిత్రాల కొలత 720×576 పిక్సెల్స్, అంటే టెలివిజన్ తెర కొలత. ఆ దృష్టితో చూస్తే వెడల్పుకు 65,535 వరకు అవకాశమివ్వడం లోభం అనిపించుకోదు. పరీక్షా చిత్రానికి తొంభై రెట్లకు పైగా వెడల్పైన చిత్రానికి కూడా అందులో చోటుంది. 1987లో కంప్యూసర్వ్ సంస్థ విడుదల చేసిన జిఫ్ ఫార్మాట్ కూడా కొలతలకు 16 బిట్లే కేటాయించింది. కనుక ఈ నిర్ణయాన్ని ఒక బృందపు దూరదృష్టి లోపంగా చెప్పడం కంటే ఒక తరం సాధారణ పద్ధతిగా గుర్తించడం సముచితం.

గమనించవలసిన మరొక అంశం ఉంది. జేపెగ్ శీర్షభాగంలో ఫైలు మొత్తం పరిమాణాన్ని నమోదు చేసే గడి లేదు. ఫైలు ఎన్ని కోట్ల బైట్లున్నా ప్రమాణానికి అభ్యంతరం లేదు. హద్దు వెడల్పుకు, ఎత్తుకు మాత్రమే వర్తిస్తుంది. అందువల్ల చిత్రపు నాణ్యతను తగ్గించి ఎక్కువగా కుదించినంత మాత్రాన ఈ ఆటంకం తొలగదు. ఫైలు చిన్నదైనా పిక్సెల్స్ సంఖ్య మారదు గదా! ఈ భేదం తెలియక నాణ్యతను పదేపదే తగ్గిస్తూ పోయినవారు చిత్రాన్ని పాడుచేసుకోవడం తప్ప సాధించేదేమీ ఉండదు.

ప్రమాణానికీ అమలుకూ మధ్య 35 పిక్సెల్స్

ప్రమాణం గ్రంథస్థమైన నియమం. దానిని ఆచరణలో పెట్టేది సాఫ్ట్‌వేర్. స్వతంత్ర జేపెగ్ బృందం 1991లో తొలిసారి విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్‌జేపెగ్ లెక్కలేనన్ని ఇతర సాఫ్ట్‌వేర్‌లకు ఆధారమైంది. అందులో గరిష్ఠ కొలతను 65,535గా కాక 65,500గా నిర్ణయించారు. గణనలో వెడల్పును పై చదరపు అంచుకు సవరించవలసి వచ్చినప్పుడు సంఖ్య 16 బిట్ల చోటు దాటి పొర్లిపోకుండా విడిచిన జాగా అది.

ఫలితంగా 65,501 నుంచి 65,535 వరకు గల వెడల్పులు ప్రమాణం ప్రకారం సమ్మతమైనా, దానిని అమలుచేసే ప్రసిద్ధ సాధనానికి అసమ్మతమయ్యాయి. ముప్పై అయిదు పిక్సెల్స్ స్వల్పమే కావచ్చు. కాని వాడుకరి అనుభవించే హద్దు ప్రమాణంలోనిది కాదనీ, అమలులోనిదనీ ఇది నిరూపిస్తుంది. గ్రంథంలోని పాఠానికీ లేఖకుని ప్రతికీ మధ్య భేదాన్ని పరిష్కర్తలు ఎంత శ్రద్ధగా గుర్తిస్తారో, ఇక్కడా అంత శ్రద్ధ అవసరం.

రెండు వైపులా గరిష్ఠ కొలత గల జేపెగ్ చిత్రంలో 429 కోట్లకు పైగా పిక్సెల్స్ ఉంటాయి. ఒక్కొక్క పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున విప్పిన చిత్రానికి సుమారు 12 గిగాబైట్ల జ్ఞాపకశక్తి కావాలి. ప్రమాణం ఆమోదం పొందిన రోజుల్లో ఇంటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తిని మెగాబైట్లలో లెక్కించేవారు. కనుక చాలా కాలం పాటు జ్ఞాపకశక్తే అసలు హద్దుగా నిలిచి, శీర్షభాగంలోని హద్దు మరుగున ఉండిపోయింది. యంత్రాలు పెరిగినకొద్దీ మరుగున ఉన్నది బయటపడింది.

బైట్ల హద్దు: టిఫ్, ఫొటోషాప్

1986లో ఆల్డస్ సంస్థ రూపొందించిన టిఫ్ ఫార్మాట్ కథ వేరు. అందులో వెడల్పు, ఎత్తులను 32 బిట్లలో రాయవచ్చు. అయితే చిత్రంలోని ప్రతి భాగం ఫైలులో ఎన్నవ బైటు వద్ద మొదలవుతుందో తెలిపే చిరునామాలు కూడా 32 బిట్లవే. కాబట్టి 4 గిగాబైట్లకు ఆవల ఉన్న సమాచారానికి చిరునామా రాయడం సాధ్యం కాదు. ఇక్కడ హద్దు పిక్సెల్స్‌ది కాదు, బైట్లది. అందువల్ల టిఫ్ విషయంలో కుదింపు నిజంగానే ఉపకరిస్తుంది. జేపెగ్‌కు నిష్ప్రయోజనమైన ఉపాయం టిఫ్‌కు పనికివస్తుందన్నమాట.

ఈ ఇబ్బందిని తొలగించేందుకు చిరునామాలను 64 బిట్లకు విస్తరించిన బిగ్‌టిఫ్ రూపొందింది. పాత టిఫ్ ఫైలు ప్రారంభంలో గుర్తుగా 42 అనే సంఖ్య ఉంటే, బిగ్‌టిఫ్‌లో 43 ఉంటుంది. 2011లో వెలువడిన లిబ్‌టిఫ్ 4.0తో ఇది విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది. అయితే 43ను గుర్తించని పాత సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును చదవలేదు. హద్దును విస్తరించిన ప్రతిసారీ పాత పాఠకులను కొంత కోల్పోక తప్పదు.

ఫొటోషాప్ చరిత్రలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. దాని పి.ఎస్.డి. ఫార్మాట్‌కు ఒక్కొక్క వైపు 30,000 పిక్సెల్స్, ఫైలుకు 2 గిగాబైట్లు హద్దులు. 16 బిట్లలో ధన, ఋణ సంఖ్యలు రెండింటికీ చోటిచ్చినప్పుడు గరిష్ఠ విలువ 32,767 అవుతుంది. 30,000 అనే సంఖ్య దానికి లోబడి ఉండటం గమనార్హం. 2003లో వెలువడిన ఫొటోషాప్ సి.ఎస్.లో ఈ హద్దును 3,00,000కు పెంచి, పెద్ద చిత్రాల కోసం పి.ఎస్.బి. అనే వేరొక ఫార్మాట్‌ను ప్రవేశపెట్టారు. ఇక్కడా పాతదాన్ని విస్తరించలేదు. పక్కన కొత్తదాన్ని నిలబెట్టారు.

హద్దు దాటిన చిత్రాలు

2015 జనవరిలో హబుల్ అంతరిక్ష దూరదర్శిని తీసిన ఆండ్రోమెడా నక్షత్రమండలపు కూర్పుచిత్రం విడుదలైంది. దాని కొలత 69,536×22,230 పిక్సెల్స్. వెడల్పు జేపెగ్ హద్దును నాలుగు వేల పిక్సెల్స్ మేరకు దాటింది. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున లెక్కిస్తే కుదించని సమాచారం 463 కోట్ల బైట్లవుతుంది. 32 బిట్ల చిరునామా పరిధి 429 కోట్లు మాత్రమే. ఒకే చిత్రం రెండు వేర్వేరు హద్దులను, రెండింటినీ కొద్దిపాటి తేడాతో దాటిన ఉదాహరణ ఇది. అంతకు ముందే 2012లో ఐరోపా దక్షిణ వేధశాల విస్టా దూరదర్శినితో కూర్చిన పాలపుంత కేంద్రభాగపు చిత్రం 108,500×81,500 పిక్సెల్స్‌తో, 884 కోట్ల పిక్సెల్స్‌కు చేరింది.

భూమి వైపు చూసినా పరిస్థితి భిన్నంగా లేదు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం అందించే కార్టోశాట్-1 చిత్రాలలో ఒక పిక్సెల్ నేలపై 2.5 మీటర్లకు సమానం. ఆ లెక్కన 65,535 పిక్సెల్స్ 163.8 కిలోమీటర్లకు సరిపోతాయి. హైదరాబాదు నుంచి తూర్పుగా విజయవాడ వరకు ఒకే జేపెగ్ చిత్రంగా కూర్చదలచితే, అది కోదాడ ప్రాంతంలోనే ఆగిపోతుంది. కృష్ణా తీరం చేరడానికి శీర్షభాగంలో చోటు చాలదు.

కొత్తది పెద్దది కానవసరం లేదు

కాలం గడిచినకొద్దీ హద్దులు పెరుగుతూ పోతాయని అనుకోవడం సహజం. వెబ్‌పి చరిత్ర ఆ అభిప్రాయాన్ని ఖండిస్తుంది. 2010లో గూగుల్ ప్రకటించిన ఈ ఫార్మాట్, వి.పి.8 అనే చలనచిత్ర కుదింపు పద్ధతి నుంచి పుట్టింది. చలనచిత్రపు చట్రానికి 14 బిట్ల కొలత చాలును. ఆ వారసత్వం నిశ్చలచిత్రానికీ సంక్రమించి, ఒక్కొక్క వైపు గరిష్ఠ కొలత 16,383 పిక్సెల్స్ అయింది. ఇది జేపెగ్ హద్దులో నాలుగోవంతు. వేగంగా తెరుచుకునే చిన్న చిత్రాలకు రూపొందిన సాధనాన్ని కొత్తదనే కారణంతో భద్రపరచడానికి ఎంచుకోవడం ఎంత ప్రమాదకరమో ఈ సంఖ్యలే చెబుతాయి.

దీనికి విరుద్ధంగా 1996లో ప్రమాణీకరించిన పి.ఎన్.జి. ఒక్కొక్క వైపు 214 కోట్లకు పైగా పిక్సెల్స్‌ను అనుమతిస్తుంది. అయినా దానిని చదివే లిబ్‌పి.ఎన్.జి. సాధారణ అమరికలో పది లక్షల పిక్సెల్స్ దాటిన వెడల్పును, ఎత్తును తిరస్కరిస్తుంది. ఇది నాలుగవ రకం, అంటే భద్రత కోసం పెట్టిన హద్దు. పి.ఎన్.జి.లో వాడే కుదింపు అనుకూల పరిస్థితిలో వెయ్యి రెట్లకు పైగా సమాచారాన్ని ఇముడ్చుకోగలదు. కొద్దిపాటి ఫైలులో అపారమైన ఏకవర్ణ చిత్రాన్ని దాచి పంపితే, దానిని విప్పబోయిన యంత్రం జ్ఞాపకశక్తి చాలక కూలిపోతుంది. ఈ దుర్వినియోగాన్ని ఆపడానికే పైథాన్ భాషలోని పిల్లో గ్రంథాలయం సుమారు 8.9 కోట్ల పిక్సెల్స్ దాటగానే హెచ్చరిస్తుంది, అందుకు రెట్టింపు దాటితే నిరాకరిస్తుంది. ఈ హద్దును వాడుకరి సడలించుకోవచ్చు. జేపెగ్ శీర్షభాగపు హద్దును ఎవరూ సడలించలేరు. సడలించదగినదేదో, సడలించరానిదేదో తెలియకపోతే, తాళం ఉన్న తలుపును గోడగా భ్రమించడం జరుగుతుంది.

పలకల పద్ధతి

పెద్ద చిత్రాన్ని ఒకే ముద్దగా భావించినంత కాలం ప్రతి హద్దూ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. 2000 సంవత్సరంలో ఖరారైన జేపెగ్ 2000 కొలతలకు 32 బిట్లు కేటాయించడంతో పాటు, చిత్రాన్ని పలకలుగా విభజించి ఒక్కొక్క పలకను విడిగా కుదించే వీలు కల్పించింది. కావలసిన పలకను మాత్రమే విప్పుకోవచ్చు. ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఈ ఫార్మాట్‌లోనే వెలువడుతున్నాయి. టిఫ్‌లోనూ పలకల అమరికకు, ఒకదానికంటే ఒకటి చిన్నవైన ప్రతులను అంతస్తులుగా పేర్చుకోవడానికి అవకాశం ఉంది. గ్రంథాలయాల మధ్య చిత్రాలను పంచుకోవడానికి 2011 నుంచి రూపొందుతూ వచ్చిన ట్రిపుల్ ఐ.ఎఫ్. విధానం కూడా పాఠకుడు అడిగిన భాగాన్నే పంపుతుంది.

ఈ పద్ధతిలో చూపేది ముక్క, దాచేది మాత్రం అఖండం. ముక్కలుగా కోసి వేర్వేరు ఫైళ్ళుగా దాచడానికీ దీనికీ మౌలిక భేదం ఇదే. కోసి దాచినప్పుడు ముక్కల వరుస, అంచుల అతుకు ఫైలు పేర్లపై ఆధారపడతాయి. పేరు మారితే వరుస పోతుంది. పలకల పద్ధతిలో ఆ సంబంధం ఫైలు లోపలే నమోదై ఉంటుంది.

కథాపటానికి అన్వయం

మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు గల పటాన్ని అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున గ్రహిస్తే చిత్రపు కొలత 10,800×108,000 అవుతుంది. మొత్తం 116 కోట్ల పిక్సెల్స్, సుమారు 350 కోట్ల బైట్లు. ఇది పాత టిఫ్‌లో ఇముడుతుంది, జేపెగ్‌లో ఇమడదు. జేపెగ్‌లో పద్దెనిమిది అడుగుల రెండంగుళాల వద్ద పటం ముగిసిపోతుంది. అంటే కథలో అయిదింట రెండు వంతులు మిగిలిపోతుంది. మొత్తం పటాన్ని లిబ్‌జేపెగ్ హద్దులో ఇమిడేలా చిన్నది చేస్తే స్పష్టత అంగుళానికి 182 పిక్సెల్స్‌కు పడిపోతుంది. వెబ్‌పిలో ఇమిడిస్తే 45 పిక్సెల్స్ మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఒక్కొక్క పిక్సెల్ పటంపై అర మిల్లీమీటరును మించుతుంది. కనురెప్పల గీతలు, నగల చుక్కలు, తరువాతి కాలంలో చేసిన మరమ్మతుల జాడలు ఆ స్పష్టతలో కలిసిపోతాయి. కుంచె పనితనాన్ని బట్టి చిత్రకారుల కుటుంబాలను గుర్తించే పరిశోధనకు అటువంటి ప్రతి ఆధారం కాజాలదు.

అదే పటాన్ని అంగుళానికి 600 పిక్సెల్స్‌తో గ్రహిస్తే కొలత 21,600×216,000కు, పరిమాణం సుమారు 1,400 కోట్ల బైట్లకు చేరుతుంది. కుదించకపోతే పాత టిఫ్ కూడా చాలదు. బిగ్‌టిఫ్, పి.ఎస్.బి., జేపెగ్ 2000 వంటివి దాన్ని మోయగలవు. కనుక ఫార్మాట్ ఎంపిక చివరి దశలో గుమాస్తా పనిగా మిగలకూడదు. ఏ స్పష్టతతో గ్రహించాలో నిర్ణయించే రోజునే అది కూడా నిర్ణయం కావాలి. నిరాకరణ ఎదురైన తర్వాత తొందరలో చిన్నది చేసిన ప్రతి ఒక్కటే మిగిలి, మూలపటం జీర్ణమైపోతే, ఆ నష్టాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. 65,535 అనే హద్దు టెలివిజన్ తెరను, టెలిఫోన్ తీగను దృష్టిలో ఉంచుకున్న కాలపు నిర్ణయం. ఆ కాలానికి అది విశాలమే. 4 గిగాబైట్ల హద్దు చిరునామాల పొదుపు నుంచి వచ్చింది. 65,500 ఒక సాఫ్ట్‌వేర్ జాగ్రత్త నుంచి, 16,383 చలనచిత్ర వారసత్వం నుంచి, పది లక్షల హద్దు భద్రత నుంచి పుట్టాయి. వీటిలో కొన్ని మార్చరానివి, కొన్ని సడలించదగినవి, కొన్ని వేరొక ఫార్మాట్‌తో అధిగమించదగినవి.

భద్రపరిచే సంస్థలు మూలప్రతిని నష్టరహితమైన, 64 బిట్ల చిరునామా గల లేదా పలకల పద్ధతిని అనుసరించే ఫార్మాట్‌లో దాచి, జేపెగ్‌ను చూపుడు ప్రతికి పరిమితం చేయడం శ్రేయస్కరం. చిన్నది చేసిన ప్రతికి అసలు కొలత, తగ్గించిన కొలత, తగ్గించిన కారణం వివరాల పత్రంలో నమోదు కావాలి. అలా నమోదు లేని ప్రతిని చూసే పరిశోధకుడు సాఫ్ట్‌వేర్ హద్దు వల్ల కలిగిన అస్పష్టతను చిత్రకారుని లోపంగా అపార్థం చేసుకునే అవకాశం ఉంది.

పటం చూపి కథ చెప్పే కళాకారుడు ముప్పై అడుగుల పటాన్ని ఒక్కసారి పరచడు. గానం సాగుతున్న ఘట్టం వరకే విప్పి, మిగిలినదాన్ని చుట్టగానే ఉంచుతాడు. చూపేది ఒక అరే అయినా పటం తెగిపోదు. పెద్ద చిత్రాలను దాచే విషయంలో సాఫ్ట్‌వేర్ రూపకర్తలు అనేక హద్దులను దాటి చేరుకున్న పద్ధతి కూడా అదే. ఆ పద్ధతిని వాడుకుంటే కథాపటాన్ని కోయకుండా, కుదించి పాడుచేయకుండా నిలుపుకోవడం నేడు సాధ్యమే.